ఎఫెసులో కాలిన పుస్తకాలు ఎవరివి?
మిల్టన్ ‘అరేయొపగిటికా’పై ఒక విమర్శనాత్మక పరిశీలన

పాఠశాల గ్రంథాలయం నుండి ఒక పుస్తకాన్ని తీసివేయాలని కోరే విశ్వాసులు ఎఫెసు సంఘటనను ఆధారంగా చూపుతుంటారు (అపొ.కా. 19:19). మాంత్రిక విద్య చేసినవారు 50,000 వెండి రూకల విలువగల పుస్తకాలను కాల్చివేశారు గనుక చెడ్డ పుస్తకాలను నిషేధించడం సంఘ బాధ్యత అన్నది వారి వాదం. ఈ వ్యాఖ్యానం వాక్యభాగానికి న్యాయం చేస్తున్నదా? ఇందుకు జాన్ మిల్టన్ 1644లో ఇచ్చిన జవాబును పరిశీలిద్దాం.

మిల్టన్ వాదన

ముందుగా అనుమతి పొందనిదే ఏ పుస్తకమూ అచ్చువేయరాదని ఇంగ్లాండు పార్లమెంటు 1643 జూన్‌లో ఉత్తర్వు చేసింది. మిల్టన్ ఆ అనుమతి తీసుకోకుండానే ‘అరేయొపగిటికా’ను అచ్చువేయించి ఉత్తర్వును ఖండించాడు. ఎఫెసువారు కాల్చినవి తమ సొంత పుస్తకాలనీ, పశ్చాత్తాపపడి ఇష్టపూర్వకంగా కాల్చారనీ, ఇందులో అధికారుల ప్రమేయం లేదనీ అతడు చూపాడు. గ్రీకు మూలంలో ‘తమ’ అనే మాట లేకపోయినా, 18వ వచనంలోని ఒప్పుకోలు ఈ భావాన్నే బలపరుస్తున్నది. అక్కడ ఎవరూ పొరుగువాని ఇల్లు సోదా చేయలేదు.

పౌలు అన్యకవులను చదివినవాడని మిల్టన్ గుర్తుచేశాడు (అపొ.కా. 17:28, 1 కొరింథీ. 15:33, తీతు 1:12). పరీక్షించి మేలైనదాన్ని చేపట్టమన్నవాడూ ఆ పౌలే (1 థెస్స. 5:21). చదవనిదాన్ని పరీక్షించడం ఎలా? అంతేకాదు, దుష్టుల మాటలనూ క్రియలనూ దాచకుండా చెప్పే బైబిలు సైతం నిషేధానికి గురికావచ్చునని మిల్టన్ హెచ్చరించాడు.

యూటా అనుభవం

ఆ హెచ్చరిక మన కాలంలోనే నిజమైంది. అశ్లీలమైన పుస్తకాలను పాఠశాలల నుండి తొలగించేందుకు అమెరికాలోని యూటా రాష్ట్రం 2022లో ఒక చట్టం చేసింది. ఆ చట్టాన్ని ఎత్తిపొడుస్తూ ఒకరు అదే చట్టం కింద బైబిలుపై ఫిర్యాదు చేశారు. డేవిస్ స్కూల్ డిస్ట్రిక్ట్ కమిటీ 2023లో బైబిలులోని అసభ్యత, హింస చిన్న పిల్లలకు తగవని చెప్పి ప్రాథమిక, మాధ్యమిక పాఠశాలల నుండి దాన్ని తీసివేసింది. అప్పీలు తరువాత అదే సంవత్సరం జూన్‌లో బోర్డు దాన్ని తిరిగి పెట్టించింది. లోతు కుమార్తెల కథనో, న్యాయాధిపతులు 19వ అధ్యాయాన్నో విడదీసి చూస్తే ఏ కమిటీ అయినా తడబడుతుంది. మనం ఇతరుల పుస్తకాలకు పట్టే కొలతే మన గ్రంథానికీ పడుతుంది (మత్తయి 7:2).

మిల్టన్ పరిమితి

అయితే మిల్టన్‌ను ప్రశ్నించకుండా అంగీకరించలేము. కతోలిక మతానికి అతడు ఈ సహనాన్ని వర్తింపజేయలేదు. 1651లో ప్రభుత్వ పక్షపు వారపత్రికకు అనుమతినిచ్చే పనిని తానే చేపట్టాడు. తన సూత్రం తన ప్రత్యర్థి దగ్గరికి వచ్చేసరికి అతడు ఆగిపోయాడు. మా అభిప్రాయంలో ఇదే మనకు అసలైన పాఠం. మనకు నచ్చిన పుస్తకాలను మాత్రమే కాపాడేది చదివే స్వేచ్ఛ కాదు.

ముగింపు

పిల్లల వయసును బట్టి పుస్తకాలు ఎంచడం అవసరం కదా అనవచ్చు. అవసరమే. తల్లి తన బిడ్డకు ఏది తగునో నిర్ణయించవచ్చు. ఉపాధ్యాయుడు తరగతికి తగిన పుస్తకాన్ని ఎంచవచ్చు. కాని ఒక కుటుంబపు అభ్యంతరం ఊరి పిల్లలందరి చేతుల్లోంచి పుస్తకాన్ని లాగివేయడం వేరు. ఎఫెసు సంఘటన మొదటిదానికి సాక్ష్యం, రెండవదానికి కాదు.

కనుక ఫిర్యాదు పత్రంపై సంతకం కోరుతూ సంఘస్థులు కాపరి దగ్గరికి వచ్చినప్పుడు, ముందుగా ఆ పుస్తకాన్ని మొదటి నుండి చివరి వరకు చదవాలి, వారినీ చదవమనాలి. మన వేదాంత కళాశాలల గ్రంథాలయాల్లో కూడా, మనం ఖండించే గ్రంథాలు తాళం వేసిన బీరువాలో కాక విద్యార్థి చేతికి అందే చోట ఉండాలి. చదవకుండా ఖండించే కాపరి మాటను ఆ పుస్తకం చదివిన యువకుడు రేపు నమ్మడు.