కార్డినల్, సన్యాసి, రాగిరేకు

1519లో న్యూరెంబర్గ్ చిత్రకారుడు ఆల్బ్రెక్ట్ డ్యూరర్, మెయింజ్ ఆర్చిబిషప్ అయిన కార్డినల్ ఆల్బ్రెక్ట్ ముఖాన్ని రాగిరేకు మీద చెక్కాడు. బొమ్మ ఎత్తు సుమారు 15 సెంటీమీటర్లే. రేకునూ 200 ప్రతులనూ పంపితే, కార్డినల్ 200 బంగారు ఫ్లోరిన్లు, అంగీకి సరిపడా డమాస్క్ పట్టు ఇచ్చాడు.

ఆ ధర వెనకున్న పనితనం చూడాలి. తాటాకు మీద గంటంతో గీసి మసి పూస్తే అక్షరం గాడిలో నల్లగా నిలుస్తుంది. రాగి చెక్కడంలోనూ సగం పని అదే. బ్యూరిన్ అనే సన్నటి ఉక్కు ఉలిని అరచేత్తో ముందుకు నెడతారు. వంపు కావలసినచోట రేకునే తిప్పుతారు. సిరా రుద్ది పైపైన తుడిచేస్తే గాళ్లలో మాత్రం మిగులుతుంది. తడి కాగితం పరిచి రోలర్ల మధ్య నొక్కితే, కాగితం ఆ సిరాను పీల్చుకుంటుంది. కుడిఎడమలు తారుమారవుతాయి కనుక అక్షరాలను తిరగేసి చెక్కాలి. గీత తప్పితే దిద్దడం మహా కష్టం. డ్యూరర్ తండ్రి కంసాలి. ఉలి పట్టడం ఆయన దగ్గరే అబ్బింది. కార్డినల్ బరువైన బుగ్గలు చూడండి: గీతలు చిక్కబడినచోట నీడ, పలచబడినచోట వెలుగు. రంగు ఊసే లేకుండా కండ పట్టిన చర్మం కళ్లకు కడుతుంది.

ఈ కార్డినల్ సామాన్యుడు కాడు. మెయింజ్ పీఠం కోసం రోముకు కట్టాల్సిన సొమ్మును ఫుగ్గర్ బ్యాంకర్ల దగ్గర అప్పు తెచ్చాడు. పాపక్షమాపణ పత్రాల అమ్మకంలో సగం ఆ అప్పుకే పోయింది. 1517 అక్టోబర్ 31న సన్యాసి మార్టిన్ లూథర్ ఆ అమ్మకంపై తన అభ్యంతరాలతో ఉత్తరం రాసింది ఈయనకే.

1520 మొదట్లో డ్యూరర్ ఈ బొమ్మ ప్రతులు మూడింటిని సాక్సనీ పాలకుడి కార్యదర్శి స్పాలటిన్‌కు పంపాడు. అదే ఉత్తరంలో, దేవుడు లూథర్‌ను కలిసే అవకాశమిస్తే ఆయన ముఖాన్ని రాగి మీద చెక్కాలని ఉందన్నాడు.

ఆ పని అదే ఏడాది విట్టెన్‌బర్గ్‌లో చిత్రకారుడు లూకాస్ క్రనాఖ్ చేశాడు, అదీ రెండుసార్లు. మొదటి బొమ్మలో నడినెత్తి గొరిగిన తల, లోతుకు పోయిన బుగ్గలు, ముడిపడిన కనుబొమలు, వెనక ఖాళీ. రెండోదానిలో సౌమ్యుడైన సన్యాసి, వెనక గూడు, చేతిలో తెరిచిన పుస్తకం. మొదటిది సాక్సనీ ఆస్థానానికి మరీ కఠినంగా తోచి ఉంటుందని కళాచరిత్రకారుల అంచనా. కళగా చూస్తే మొదటిదే గొప్పది. లూథర్ చక్రవర్తి ముందు విచారణకు నిలబడడానికి ఏడాది ముందే ఆ ముఖంలో మొండితనం కనిపిస్తుంది.

అయితే రాగిబొమ్మను అచ్చక్షరాలతో కలిపి ఒకే ప్రెస్సులో ముద్రించలేరు. చెక్క అచ్చును ముద్రించవచ్చు. అందుకే లూథర్ ముఖాన్ని కరపత్రాల్లోకి ఎక్కువగా చేర్చింది చెక్క అచ్చే. 1521లో చిత్రకారుడు హాన్స్ బాల్డుంగ్ గ్రీన్ లూథర్ తల చుట్టూ కాంతివలయం, పైన పావురం చేర్చి సాధువునే చేశాడు.

డ్యూరర్ 1523లో కార్డినల్‌ను పక్కనుంచి మళ్లీ చెక్కి 500 ప్రతులు పంపాడు. 1526లో లూథర్ సహచరుడు మెలాంక్తన్‌నూ చెక్కాడు. లూథర్‌ను చెక్కాలన్న కోరిక తీరకుండానే 1528లో కన్నుమూశాడు.