మొరటు మనసుల పువ్వు

దసరా నుంచి దీపావళి దాకా మా ఇంట్లో బంతి దండలు గుచ్చే పని నాది. మల్లెలకైతే అరటినారతో ముడులు వేయాలి, చెయ్యి తిరిగి ఉండాలి. బంతికి అంత నాజూకు అక్కర్లేదు. దబ్బనానికి పురికొస ఎక్కించి, తొడిమ నడిమధ్యగా దూర్చితే చాలు. పక్కకు పోయిందా, తెల్లారేసరికి రేకలన్నీ గుమ్మం ముందే ఉంటాయి. పని అయ్యాక ఎంత సబ్బు రుద్దినా వేళ్లకు ఆ ఘాటు వాసన పోదు.

మూరల్లో అమ్మే మల్లెకున్న మర్యాద కిలోల్లో తూచే బంతికి లేదు. ఈ చిన్నచూపు మనకొక్కరికే కాదు. విక్టోరియా రాణి కాలంలో ఇంగ్లండులో పూలకు అర్థాలు చెప్పే పుస్తకాలకు భలే గిరాకీ. 1884లో వచ్చిన కేట్ గ్రీనవే పుస్తకం వాటిలో పేరున్నది. అందులో మేరిగోల్డ్ అంటే దుఃఖం. ఫ్రెంచ్ మేరిగోల్డ్, అంటే మన చిన్న బంతి, అసూయ. మన ముద్దబంతిని వాళ్లు ఆఫ్రికన్ మేరిగోల్డ్ అంటారు. దానికిచ్చిన అర్థం మొరటు మనసులు! ఆ లెక్కన మన పెళ్లి పందిళ్లు చూస్తే గ్రీనవే ఏమనుకునేదో.

నిజానికి ఈ రెండు బంతులదీ ఫ్రాన్సూ కాదు, ఆఫ్రికా కాదు. పుట్టిల్లు మెక్సికో. అక్కడ నవంబర్ 1, 2 తేదీల్లో చనిపోయినవాళ్లు ఇంటికి వస్తారని నమ్మకం. వీధి నుంచి ఇంట్లో పెట్టిన పీఠం దాకా బంతి రేకలు పరుస్తారు. ఆ రంగు, ఆ వాసన పట్టుకుని పెద్దలు దారి తప్పకుండా వస్తారట. నేను సబ్బుతో వదిలించుకోవాలని చూసేది ఆ వాసననే. దీపావళి అమావాస్య నాడు పితృదేవతలకు దారి చూపడానికి దివిటీలు ఎత్తే ఆచారం మనకూ ఉంది. బంతికి మాత్రం మనం ఆ పని అప్పజెప్పలేదు.

సముద్రాలు దాటొచ్చిన ఈ పువ్వుకు అర్థమేమిటని మనవాళ్లు ఎవరినీ అడిగినట్టు లేదు. పసుపు రంగు, తక్కువ ధర, రెండు మూడు రోజులు వాడకపోవడం, ఇవి చాలు అనుకున్నట్టున్నారు. బతుకమ్మలో వరస ఇచ్చారు, గొబ్బెమ్మ నెత్తిన పెట్టారు, మామిడాకుల పక్కన గుమ్మానికి కట్టారు. శుభం అన్న పేరు ఆ తర్వాతే వచ్చి ఉంటుందని నా అనుమానం. పాడె మీదికీ అదే దండ వెళ్తుంది మరి.

పూల బజారులో ఎందుకని అడగరు, ఎన్ని కిలోలని అడుగుతారు. తడి పూలు మాత్రం తీసుకోకండి. తూకంలో సగం నీళ్లే, పైగా లోపల్నించి కుళ్లుతాయి.