గీత ఎవరి సొత్తు?

2022 డిసెంబరు 1, ఖతార్ ప్రపంచకప్. స్పెయిన్ గోల్ పక్కన లైను దాటిపోతున్న బంతిని జపాన్ ఆటగాడు మితోమా కాలు చాచి వెనక్కి లాగాడు. తనాకా దాన్ని గోల్‌లోకి నెట్టాడు. టీవీ ముందున్నవాళ్ళు చాలామంది అవుటే అనుకున్నారు, బంతికీ గీతకీ నడుమ పచ్చగడ్డి కనబడుతోంది మరి. వీడియో రిఫరీలు మాత్రం గోల్ ఖాయం చేశారు. జపాన్ 2-1తో గెలిచింది, అదే గ్రూపులో ఉన్న జర్మనీ ఇంటిదారి పట్టింది.

ఫుట్‌బాల్‌లో బంతి మొత్తం గీత మొత్తాన్నీ దాటితేనే అవుట్. నేల మీదైనా, గాలిలోనైనా ఇదే లెక్క. బంతి గుండ్రం కాబట్టి నేలకు ఆనేది అడుగున కాస్త మేరే, పొట్ట మాత్రం చుట్టూ 11 సెంటీమీటర్ల దాకా ముందుకు వచ్చి ఉంటుంది. అడుగు గీత దాటి గడ్డి మీద ఉన్నా, ఆ పొట్ట వెంట్రుకవాసి గీత మీదకు వస్తే చాలు, బంతి ఆటలో ఉన్నట్టే. పక్క నుంచి తీసిన ఫొటో అవుటంటుంది, నిలువునా పైనుంచి తీసింది కాదంటుంది. ఆ రోజు జరిగిందదే.

పొలం గట్టు ఎవరిదన్న తగాదా లాంటిదే ఇదీ. ప్రతి ఆటా తన గీతను ఎవరికో ఒకరికి రాసిచ్చేసింది. ఆడేవాడి నేర్పు ఆ పంపకాన్ని బట్టే తయారవుతుంది.

టెన్నిస్, వాలీబాల్ గీతను కోర్టులో కలిపేసుకున్నాయి, బంతి అంచు తగిలినా లోపలే. గాలిలో ఎటు తిరిగి వచ్చిందన్నది టెన్నిస్‌కు అక్కర్లేదు, ఎక్కడ పడిందన్నదే ముఖ్యం. ఫ్రెంచ్ ఓపెన్‌లో అంపైర్ కుర్చీ దిగొచ్చి ఎర్రమట్టి మీద మచ్చ చూసేది అందుకే. మన ఊళ్ళలో సున్నంతో గీసిన వాలీబాల్ కోర్టులోనూ సాక్ష్యం అలాంటిదే. సున్నం చెదిరిందంటే వాదన అక్కడితో సరి. అంతటితో ఆగే జట్లను నేనైతే పెద్దగా చూడలేదు!

బాస్కెట్‌బాల్ గీతను బయటికి నెట్టేసింది. బంతి లైను మీద పడినా, పట్టుకున్నవాడి బొటనవేలు తగిలినా అవుటే. గాలికి మాత్రం హద్దు లేదు. అందుకే ఆటగాడు లోపలి నుంచి ఎగిరి, ప్రేక్షకుల మీద పడబోతూ, కాళ్ళు నేలను తాకేలోపు బంతిని వెనక్కి విసిరేస్తాడు. మూడు పాయింట్ల గీత మీద కాలు పెట్టి వేస్తే దక్కేది రెండే.

రగ్బీ పంపకం నాకు అన్నిటికన్నా ఇష్టం. అక్కడ పక్క గీత బయటిది, గోల్ గీత మాత్రం పాయింట్లు తెచ్చేది. రెండూ ఒకే సున్నం, మూల దగ్గర కలుస్తాయి కూడా. ఆ మూలకు పరుగెత్తేవాడు ఒళ్ళంతా పక్క గీత అవతల గాలిలో తేలుతున్నా సరే, ఏ భాగమూ నేలను తాకకముందే చేయి చాచి బంతిని గోల్ గీత మీద ఆనిస్తే 5 పాయింట్ల ట్రై.

క్రికెట్ సంగతి వేరు. క్రీజు గీత బ్యాటర్‌దీ కాదు, బౌలర్‌దీ కాదు. బ్యాటు గీత మీద ఆగితే రనౌట్, ముందుకాలిలో ఏ కొంతా గీత వెనక లేకపోతే నోబాల్. ఇక బౌండరీ తాడు పూర్తిగా బ్యాటింగ్ పక్షానిది, బంతి తగిలితే నాలుగో ఆరో. 2024 టీ20 ప్రపంచకప్ ఫైనల్లో మిల్లర్ కొట్టిన బంతిని సూర్యకుమార్ లోపల పట్టి, గాలిలోకి వదిలి, బయటికి అడుగేసి, తిరిగొచ్చి అందుకోవడంలో ఉన్న నేర్పంతా ఆ తాడుకు తగలకుండా ఉండటమే. కొందరు ఇంకా ముందుకెళ్ళి, బౌండరీ బయటే గెంతి బంతిని లోపలికి తట్టి, తర్వాత వచ్చి పట్టేవారు. 2025లో నియమం మార్చి ఆ గెంతులను కట్టడి చేశారు. మంచి పనే చేశారు. తాడు అవతల నుంచి బంతి ఆడనిస్తే ఇక తాడెందుకు?