కారులోంచి చూపు, అరుగు మీంచి చూపు

నాకు రోడ్లంటే ఇష్టం. ప్రయాణాలంటే ఇష్టమనడం వేరు, అది అందరూ అంటారు. నాకు రోడ్డే ఇష్టం. మలుపులో బయటి అంచు ఎంత ఎత్తు లేపారు, ఫ్లైఓవర్ దిగేచోట రెండు లైన్లు ఎలా కలిశాయి, పాత ఎన్‌హెచ్ 9 కాస్తా 2010లో ఎన్‌హెచ్ 65 అయ్యాక ఏ మైలురాయి మీద ఇంకా పాత నంబరుంది, ఇలాంటివి చూస్తూ నడుపుతాను. పక్క సీట్లో కూర్చున్నవాళ్ళకి విసుగు. అందుకే 'ద వ్యూ ఫ్రమ్ ద రోడ్' అనే పుస్తకం దొరికినప్పుడు, నాలాంటి పిచ్చివాళ్ళు 1964లోనే ఉన్నారని తెలిసి ప్రాణం లేచొచ్చింది.

రాసినవాళ్ళు ముగ్గురు: డొనాల్డ్ ఆపిల్‌యార్డ్, కెవిన్ లించ్, జాన్ మేయర్. వాళ్ళ వాదన సూటిగా ఉంటుంది. హైవే అంటే వాహనాలు పోయే గొట్టం కాదు, కదులుతూ చూసే కళ. సంగీతంలా, సినిమాలా అది కాలంలో విచ్చుకుంటుంది. కాబట్టి దాన్నీ ఆ వరసలోనే కూర్చాలి. ఎక్కడ దారి ఇరుకవ్వాలి, ఎక్కడ ఒక్కసారిగా ఆకాశం తెరుచుకోవాలి, ఊరు ఎప్పుడు కనపడాలి, ఎప్పుడు దాక్కోవాలి అనేది ముందే ఆలోచించాలి. ఇది చెప్పి ఊరుకోలేదు వాళ్ళు. డ్రైవరు అనుభవాన్ని కాగితం మీద రాసుకోడానికి సంగీతానికి స్వరలిపిలాంటి గుర్తులు తయారుచేసి, బోస్టన్ దగ్గర ఒక ఎక్స్‌ప్రెస్‌వేని ఆ గుర్తుల్లో రాసి చూపించారు.

ఈ పుస్తకం బలమేమిటో తెలియాలంటే హైదరాబాదు నుంచి బెజవాడకి ఒకసారి నడపాలి. కంచికచర్ల దాటాక ఎక్కడో దూరంగా ఇబ్రహీంపట్నం థర్మల్ స్టేషన్ గొట్టాలు కనిపిస్తాయి. రోడ్డు తిరిగితే అవీ పక్కకి జరుగుతాయి, కాసేపు పోతాయి, మళ్ళీ ఇంకాస్త పెద్దవై వస్తాయి. ఊరు దగ్గరపడిందని చెప్పడానికి బోర్డు అక్కర్లేదు. ఆ తర్వాత గొల్లపూడి, భవానీపురం రద్దీ. అది దాటి కనకదుర్గ ఫ్లైఓవర్ ఎక్కగానే ఎడమ చేతి పక్క కొండ, కుడి చేతి పక్క కృష్ణ. అన్నాళ్ళూ "అబ్బ, భలే ఉంది" అనేసి వదిలేసిన చోటు ఇది. ఎందుకు భలే ఉందో ఈ పుస్తకం చదివాక తెలిసింది: ఇరుకులోంచి వచ్చాం కాబట్టి నది అంత వెడల్పయింది. మంచి విమర్శ చేసే పని ఇదే కదా, మన ఇష్టానికి కారణం మన చేతిలో పెట్టడం.

కానీ రెండోసారి చదివినప్పుడు ఒక లోటు కనిపించింది. ఇందులో రోడ్డు దాటే మనిషి లేడు. రోడ్డు పక్కన ఇళ్ళున్నాయి గానీ అవి డ్రైవరుకి దృశ్యాలు. ఆ ఇంట్లోంచి ఎవరైనా అటువైపు చూస్తారా అన్న అనుమానం ఈ పుస్తకానికి రాదు.

ఆ అనుమానం తర్వాత వాళ్ళలో ఒకరికే వచ్చింది. ఆపిల్‌యార్డ్ బర్క్‌లీలో పాఠాలు చెబుతూ 1960ల చివర శాన్‌ఫ్రాన్సిస్కోలో మూడు వీధుల్ని ఎంచుకున్నాడు. ఒకదాని మీద రోజుకి దాదాపు 2,000 బళ్ళు, ఇంకోదాని మీద 8,000, మూడోదాని మీద 16,000. ఇళ్ళకి వెళ్ళి, ఈ వీధిలో మీకు స్నేహితులెవరు, మీ ఇల్లు ఎక్కడిదాకా అనుకుంటారు అని అడిగాడు. బళ్ళు తక్కువున్న వీధిలో మనిషికి సగటున ముగ్గురు స్నేహితులు. ఎక్కువున్న చోట ఒక్కరు కూడా పూర్తిగా లేరు, 0.9. బళ్ళు తక్కువున్న వీధివాళ్ళు గీసిన బొమ్మల్లో "మా ఇల్లు" వీధంతా పరుచుకుంటే, మూడో వీధిలో గుమ్మం దగ్గరే ఆగిపోయింది. ఇదే పెరిగి 1981లో 'లివబుల్ స్ట్రీట్స్' అనే పుస్తకమైంది.

దీన్నీ కళ్ళు మూసుకుని ఒప్పుకోనక్కర్లేదు. మూడే వీధులు. పైగా రద్దీ వీధిలో అద్దెకుండేవాళ్ళు, ఒంటరివాళ్ళు ఎక్కువ. నిశ్శబ్దంగా ఉన్న వీధిలో పిల్లలున్న కుటుంబాలు. స్నేహాలు తగ్గించింది బళ్ళా, అద్దె ఇళ్ళా? పిల్లలున్నవాళ్ళు ఆ రద్దీ చూసే వెళ్ళిపోయారని అనొచ్చు, నిజమే కావచ్చు. కానీ ఆ అంకెలు దాన్ని రుజువు చెయ్యవు. ఆ అంకెల్ని నేను నమ్మడానికి కారణం వేరే ఉంది.

మా పెద్దమ్మ ఊరు ఇదే హైవే పక్కన, నల్గొండ జిల్లాలో. నా చిన్నప్పుడు రోడ్డుకి ఇటు పెద్దమ్మ, అటు ఆమె స్నేహితురాలు. పాలు కాచి చల్లార్చాక ఇంట్లో తోడు లేకపోతే గిన్నె పట్టుకుని అటు వెళ్ళేది. ఒక చెంచా పెరుగుకోసం వెళ్ళి గంటకి వచ్చేది. రోడ్డు నాలుగు లైన్లయ్యింది, మధ్యలో డివైడర్ లేచింది. దాటే సందు చాలా దూరంలో పెట్టారు. నేను డిగ్రీ చదివే రోజుల్లో వెళ్ళి, కొత్త తారు ఎంత నున్నగా ఉందో పెద్దమ్మకి వర్ణించి చెప్పాను. ఆమె విని, "మంచిగనే ఉంది బిడ్డా, అటు పోవుడే ఊరికి పోయినట్టయితుంది" అంది. ఆ రాత్రి అన్నంలోకి ప్యాకెట్ పెరుగు. నాకప్పుడు ఏమీ తట్టలేదు. 'లివబుల్ స్ట్రీట్స్'లో వీధికి అడ్డంగా స్నేహాల గీతలు గీసిన బొమ్మ ఒకటుంది. రద్దీ వీధి దగ్గరకొచ్చేసరికి ఆ గీతలు పలచబడిపోతాయి. అది చూసినప్పుడు తట్టింది.

అలాగని మొదటి పుస్తకం తప్పు, రెండోది ఒప్పు అనను. ఆ నాలుగు లైన్లు లేకపోతే పెద్దమ్మకి గుండెనొప్పి వచ్చిన రాత్రి హైదరాబాదు ఆస్పత్రికి అంత త్వరగా చేరేవాళ్ళం కాదు. ఆపిల్‌యార్డ్ కూడా ఒకదాన్ని కొట్టేసి ఇంకోటి రాసినట్టు నాకు అనిపించదు. రెంటిలోనూ పద్ధతి ఒకటే: మనిషి ఏం చూస్తున్నాడో, ఎక్కడిదాకా తనది అనుకుంటున్నాడో కాగితం మీద గీయడం. మారింది కూర్చున్న చోటే. మొదట కారు సీటు, తర్వాత ఇంటి అరుగు. మన ఇంజినీర్లకీ, నాలాంటి రోడ్డు ప్రేమికులకీ మొదటి సీటు మీదే మోజు. 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డు గురించి గంటసేపు మాట్లాడగలను. దాన్ని కాలినడకన ఎక్కడెక్కడ దాటొచ్చో అడిగితే నా దగ్గర జవాబు లేదు. 2022లో మన దేశంలో రోడ్ల మీద చనిపోయినవాళ్ళు 1,68,491 మంది. అందులో దాదాపు ఐదో వంతు నడిచేవాళ్ళు.

1982లో ఏథెన్స్‌లో వేగంగా వచ్చిన కారు గుద్ది ఆపిల్‌యార్డ్ చనిపోయాడు. దీన్ని విధి వైచిత్రి అనడానికి నాకు నోరు రావడం లేదు. రోడ్డు మీద రోజూ జరిగేదే ఆయనకీ జరిగింది, అంతే.

మొన్న సంక్రాంతికి బెజవాడ వెళ్తూ పెద్దమ్మ ఊరి దగ్గర డివైడర్ మీద ఒకామె నిలబడి ఉండటం చూశాను. చేతిలో స్టీలు గిన్నె, మీద మూత. అటు దిగడానికి సందుకోసం చూస్తోంది. బ్రేకు మీద కాలు పెట్టాను, వెనకాల బస్సు హారన్ మోగింది. ఆ ముగ్గురి గుర్తుల్లో ఆమెకి గుర్తేదీ లేదు. ఆమె దాటేదాకా ఆగాను.