తొలి పైకం, తొలి వాటా

కొత్త కంపెనీకి వచ్చే మొదటి పెట్టుబడి సాధారణంగా అప్పు కాదు, వాటాకు మారుగా వచ్చే సొమ్ము. కౌలుకు, పాలుకు ఉన్న తేడానే ఇక్కడా ఉంది. పంట పండినా ఎండినా కౌలు ముందు మాట్లాడుకున్నట్టే కొలవాలి. పాలుకు చేస్తే పండినదే పంచుకుంటారు. బ్యాంకు తాకట్టు అడుగుతుంది, వాయిదాలు కట్టమంటుంది. తొలి దశ పెట్టుబడిదారుకు ఈ రెండూ ఉండవు. కంపెనీ మునిగితే ఆయన డబ్బు పోయినట్టే, నిలబడితే పెట్టినదానికి ఎన్నో రెట్లు రావచ్చు. స్టార్టప్ పెట్టేవాళ్లకు మొదట్లో ఎంత డబ్బు వచ్చిందన్నదే పెద్ద విషయంగా కనిపిస్తుంది. కానీ ఆ కంపెనీలో ఎవరు ఎంతకాలం ఉంటారో, ఎవరు ఎప్పుడు విడిపోతారో తేల్చేది ఎవరి చేతిలో ఎంత వాటా ఉందన్న లెక్కే.

ఈ లెక్క మొదట ఎలా కుదిరిందో తెలుసుకోవాలంటే అమెరికాలో 1957లో, రెండు తీరాల్లో జరిగిన రెండు ఒప్పందాలను చూడాలి. తూర్పున బోస్టన్‌లో హార్వర్డ్ బిజినెస్ స్కూల్ ప్రొఫెసర్ జార్జ్ డోరియో ‘అమెరికన్ రీసెర్చ్ అండ్ డెవలప్‌మెంట్’ అనే పెట్టుబడి సంస్థను నడిపేవారు. 1946లో పుట్టిన ఆ సంస్థ దగ్గరకు ఎంఐటీ లింకన్ ల్యాబ్ ఇంజనీర్లు కెన్ ఓల్సెన్, హార్లన్ ఆండర్సన్ వచ్చారు. సంస్థ 70 వేల డాలర్లు ఇచ్చి 70 శాతం వాటా తీసుకుంది. అలా పుట్టినదే డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్. ఆ వాటా విలువ తర్వాత 35 కోట్ల డాలర్లు దాటింది. ఇంత లాభం వచ్చినా ఆ కంపెనీని ఎంపిక చేసి, పెంచి పెద్దచేసిన డోరియో ఉద్యోగులకు దక్కింది తక్కువే. ఆయన సంస్థ స్టాక్ మార్కెట్‌లో నమోదైన కంపెనీ కావడంతో లాభంలో భాగం ఇవ్వడానికి నిబంధనలు అడ్డొచ్చాయి. ఆయన దగ్గర ఏళ్ల తరబడి పనిచేసిన బిల్ ఎల్ఫర్స్ 1965లో బయటికి వచ్చి గ్రేలాక్ అనే సొంత సంస్థ పెట్టుకున్నారు.

పశ్చిమాన కాలిఫోర్నియాలో కథ మరోలా నడిచింది. ట్రాన్సిస్టర్‌పై చేసిన పనికి 1956లో నోబెల్ పంచుకున్న విలియమ్ షాక్లీ తన ల్యాబ్‌కు గొప్ప ప్రతిభ ఉన్న కుర్రవాళ్లను చేర్చుకున్నారు. ఆయన ఎంపికలో లోపం లేదు, వాళ్లతో నడుచుకున్న తీరే బాగాలేదు. రాబర్ట్ నోయిస్, గోర్డన్ మూర్, యూజీన్ క్లైనర్‌తో సహా ఎనిమిది మంది విడిపోవాలనుకున్నారు. వాళ్లు మొదట అడిగింది పెట్టుబడి కాదు, ఎనిమిది మందినీ కలిపి చేర్చుకునే ఉద్యోగం. క్లైనర్ రాసిన ఉత్తరం న్యూయార్క్‌లోని హేడెన్ స్టోన్ అనే బ్రోకరేజీ సంస్థకు చేరి, అక్కడ ఆర్థర్ రాక్ అనే యువకుడి చేతిలో పడింది. ఉద్యోగం ఎందుకు, కంపెనీయే పెట్టండి అన్నది రాక్ సలహా. ఆయన ముప్పైకి పైగా కంపెనీలను అడిగితే అన్నీ కాదన్నాయి. చివరికి షెర్మన్ ఫెయిర్‌చైల్డ్ ఒప్పుకుని, తన కెమెరా కంపెనీ తరఫున సుమారు 13.8 లక్షల డాలర్లు సమకూర్చారు. ఎనిమిది మంది తలా 500 డాలర్లు వేసుకున్నారు. అలా పుట్టిన కంపెనీకీ ఫెయిర్‌చైల్డ్ పేరే పెట్టారు.

ఒప్పందంలో ఒక షరతు ఉంది: ఫెయిర్‌చైల్డ్ కోరుకుంటే కొన్నేళ్లలోపు 30 లక్షల డాలర్లిచ్చి కంపెనీ మొత్తాన్ని కొనేసుకోవచ్చు. 1959లో అదే జరిగింది. తలా 500 డాలర్లు పెట్టినవాళ్లకు రెండున్నర నుంచి మూడు లక్షల డాలర్ల విలువైన షేర్లు వచ్చాయి. అప్పటి ఇంజనీరు జీతంతో పోల్చి చూస్తే అది పెద్ద సంపదే. కానీ ఆ రోజు నుంచి వాళ్లు యజమానులు కారు, ఉద్యోగులు. అదే సమయంలో ఆ ఎనిమిది మందిలో ఒకరైన జీన్ హెర్నీ చిప్‌లు తయారుచేసే ప్లేనార్ పద్ధతిని, నోయిస్ ఇంటిగ్రేటెడ్ సర్క్యూట్‌ను కనిపెట్టారు. ఆ లాభాలు తూర్పు తీరంలోని మాతృసంస్థకు పోయాయి. కాలిఫోర్నియాలో పనిచేసేవాళ్లకు షేర్లు పంచడానికి మాత్రం అక్కడివాళ్లకు మనసొప్పలేదు. 1961లో హెర్నీ, ఆ ఎనిమిది మందిలోనివారే అయిన జే లాస్ట్, షెల్డన్ రాబర్ట్స్ వెళ్లిపోయారు. 1968లో నోయిస్, మూర్ కూడా వెళ్లారు. సిలికాన్ వ్యాలీ పుట్టుకకు వాతావరణం, యూనివర్సిటీలు, రక్షణశాఖ ఆర్డర్లు అంటూ చాలా కారణాలు చెబుతారు. అవన్నీ నిజమే అయినా, షేర్ల విషయంలో ఫెయిర్‌చైల్డ్ చూపిన పిసినారితనాన్ని ఆ జాబితాలో పైవరసలో పెట్టాలి.

ఈలోగా రాక్ కాలిఫోర్నియాకు మకాం మార్చి, 1961లో టామీ డేవిస్‌తో కలిసి పరిమిత భాగస్వామ్య పద్ధతిలో ఫండ్ పెట్టారు. డోరియో సంస్థలో కుదరనిది ఇక్కడ కుదిరింది: లాభంలో ఐదో వంతు ఫండ్ నడిపేవాళ్లకు, మిగతాది డబ్బు పెట్టినవాళ్లకు. 50 లక్షల డాలర్ల ఆ ఫండ్‌లో నిజంగా పెట్టుబడిగా వెళ్లింది దాదాపు 30 లక్షలే. 1968 నాటికి అది పది కోట్ల డాలర్ల దాకా తిరిగి ఇచ్చింది. నేటి వెంచర్ ఫండ్లలో ఎక్కువ భాగం దాదాపు ఇదే పద్ధతిలో నడుస్తున్నాయి.

1968లో ఇంటెల్ పెట్టేటప్పుడు నోయిస్, మూర్ పాత పాఠాన్ని మరచిపోలేదు. ఇద్దరూ చెరి రెండున్నర లక్షల డాలర్లకు కాస్త తక్కువగా సొంత డబ్బు పెట్టారు. రాక్ మరో 25 లక్షల డాలర్లను రెండు రోజుల్లో సమకూర్చారు. అంత త్వరగా రావడానికి కారణం ప్రణాళిక కాదు, అది ఒకటి రెండు పేజీలు మించలేదు. డబ్బు పెట్టినవాళ్లు ఆ ఇద్దరినీ నమ్మారు. ఈసారి షేర్లు కొనే హక్కు కింది ఇంజనీర్ల దాకా వెళ్లింది.

ఇక్కడి నుంచే కంపెనీలు కట్టినవాళ్లు పెట్టుబడిదారులుగా మారడం మొదలైంది. క్లైనర్ 1972లో హ్యూలెట్ ప్యాకర్డ్ నుంచి వచ్చిన టామ్ పెర్కిన్స్‌తో కలిసి ఫండ్ పెట్టారు. ఫెయిర్‌చైల్డ్‌లో అమ్మకాలు చూసిన డాన్ వాలెంటైన్ అదే ఏడాది సెకోయా సంస్థకు పునాది వేశారు. ఫెయిర్‌చైల్డ్‌లోనూ ఇంటెల్‌లోనూ మార్కెటింగ్ చేసి, ముప్పైల్లోనే ఉద్యోగం మానేసిన మైక్ మార్కులా 1977లో ఆపిల్‌కు రెండున్నర లక్షల డాలర్లు సమకూర్చి, తానే వెళ్లి పనిలో చేరారు. తొలి దశ పెట్టుబడిదారు డబ్బుతో పాటు ఏం తేవాలో దీన్ని మించిన ఉదాహరణ దొరకదు.

పెర్కిన్స్ తెచ్చినది మరో రకం తెలివి. 1976లో జెనెన్‌టెక్ అనే బయోటెక్ కంపెనీ పెట్టాలనుకున్నవాళ్లు ముందు సొంత ల్యాబ్ కట్టాలనుకున్నారు. జన్యువును బ్యాక్టీరియాలో చేర్చి మనిషి హార్మోన్ తయారు చేయడం అసలు సాధ్యమేనా అన్నదే అప్పటికి తేలలేదు. ల్యాబ్ కట్టకండి, ఉన్న ల్యాబుల్లోనే ప్రయోగం చేయించండి అని పెర్కిన్స్ సూచించారు. మొదట పెట్టింది లక్ష డాలర్లే. మిగతాది ఆ తర్వాత విడతలుగా వచ్చింది. 1977లో సొమాటోస్టాటిన్ అనే హార్మోన్ తయారైంది. అన్నిటికంటే పెద్ద అనుమానాన్ని అతి తక్కువ ఖర్చుతో ముందు తేల్చుకోవడం, ఆ తర్వాతే విస్తరించడం: ఈ ఒక్క క్రమం పాటించక మూతపడ్డ కంపెనీలు ఎన్నో.

డబ్బు విడతలుగా వస్తే వాటా కూడా విడతలుగా తగ్గుతుంది. ఇద్దరు వ్యవస్థాపకులు చెరిసగంతో మొదలుపెట్టారనుకుందాం. తొలి పెట్టుబడిదారుకు 20 శాతం ఇస్తే వాళ్లకు మిగిలేది 80. మరుసటి విడతలో ఇంకో 20 శాతం ఇస్తే 64. ఉద్యోగుల కోసం పది శాతం పక్కన పెడితే 57.6. కంపెనీ విలువ పెరుగుతున్నంతకాలం ఇది నష్టం కాదు. పైగా వ్యవస్థాపకుల షేర్లు కూడా ఇప్పుడు సాధారణంగా నాలుగేళ్లలో కొద్దికొద్దిగానే సొంతమవుతాయి. ఆరు నెలలకే విడిపోయిన మిత్రుడు సగం కంపెనీని వెంట తీసుకుపోకుండా కాపాడే ఏర్పాటు ఇది. స్నేహితులతో కలిసి మొదలుపెట్టేవాళ్లు మొహమాటపడకుండా మొదటిరోజే రాసుకోవలసిన కాగితం ఇదే.

ఆ వ్యాలీ అనుభవం తెలుగువాళ్ల దాకా వచ్చిన దారి ఒకటి ఉంది. ఐఐటీ బాంబేలో చదివిన కన్వల్ రేఖీ ఎక్సెలాన్ అనే నెట్‌వర్కింగ్ కంపెనీని కట్టి 1987లో నాస్‌డాక్‌లో నమోదు చేయించారు. 1992లో అక్కడి భారతీయులు, ఇతర దక్షిణాసియావాళ్లు ‘టై’ అనే వ్యవస్థాపకుల సంస్థను పెట్టినప్పుడు ముందు నిలిచినవారిలో ఆయన ఒకరు. టై బెంగళూరు శాఖ కొత్తవాళ్లకు దారి చూపే కార్యక్రమం నడిపేది. అందులోకి వెళ్లిన ముగ్గురు బిట్స్ పిలానీ మిత్రులు ఫణీంద్ర సామ, సుధాకర్ పసుపునూరి, చరణ్ పద్మరాజు. 2005 దీపావళికి ఊరెళ్లడానికి ఫణీంద్రకు బెంగళూరులో బస్సు టికెట్ దొరకలేదు. బస్సుల్లో సీట్లు లేవా అంటే అదీ తెలియదు. ఏ సీటు ఖాళీగా ఉందో ఒకేచోట చెప్పగలిగేవాళ్లే లేరు. ఏజెంట్ల కోటాలు, ఫోన్లు, కాగితం చార్టుల మీద వ్యాపారం నడిచేది. ముగ్గురూ ముందు ట్రావెల్స్ యజమానుల కోసం సాఫ్ట్‌వేర్ రాస్తే వాళ్లు పెద్దగా పట్టించుకోలేదు. దాంతో కొన్ని సీట్లు తీసుకుని తామే అమ్మడం మొదలుపెట్టారు. టికెట్లు అమ్ముడవుతుంటే యజమానుల నమ్మకం పెరిగింది, ఆపైన సాఫ్ట్‌వేర్‌కూ చోటు దొరికింది. అలా నిలబడ్డ వాళ్ల కంపెనీ రెడ్‌బస్‌కు తొలుత సీడ్‌ఫండ్, ఆ తర్వాత రేఖీ భాగస్వామిగా ఉన్న ఇన్వెంటస్, అటుపైన హీలియన్ పెట్టుబడి పెట్టాయి. 2013లో ఐబిబో గ్రూప్ కంపెనీని కొనుక్కుంది. ఫణీంద్ర తర్వాత తెలంగాణ ప్రభుత్వ చీఫ్ ఇన్నోవేషన్ ఆఫీసరుగా పనిచేశారు. పల్లెల్లో పరికరాలు చేసుకునేవాళ్లను వెలుగులోకి తెచ్చిన ‘ఇంటింటా ఇన్నోవేటర్’ ఆ రాష్ట్ర ప్రభుత్వ ఇన్నోవేషన్ సెల్ చేపట్టిన కార్యక్రమమే.

మన దేశంలో ఇలాంటి డబ్బుకు ఒక అడ్డంకి 2012లో చట్టంగానే వచ్చింది. న్యాయమైన విలువకు మించి షేర్లు అమ్మినట్టు తేలితే ఆ అదనపు మొత్తాన్ని కంపెనీ ఆదాయంగా లెక్కించి పన్ను వేసేవారు. అమ్మకాలే లేని కంపెనీకి న్యాయమైన విలువ ఎంతో ఎవరు చెప్పగలరు? ‘ఏంజెల్ ట్యాక్స్’ అని పేరుపడ్డ ఆ నిబంధనను 2024 బడ్జెట్‌లో తొలగించారు. తీసేయడానికి పన్నెండేళ్లు పట్టకుండా ఉండాల్సింది.

హైదరాబాద్‌లో స్కైరూట్ ఏరోస్పేస్ ఈ అడ్డంకి ఉన్న రోజుల్లోనే మొదలైంది. ఇస్రోలో పనిచేసిన పవన్ కుమార్ చందన, నాగ భరత్ డాకా 2018లో ఉద్యోగాలు వదిలి రాకెట్లు కడతామన్నారు. అంతరిక్ష రంగాన్ని ప్రైవేటు కంపెనీలకు తెరుస్తున్నట్టు కేంద్రం ప్రకటించింది 2020లో. అంటే మొదట డబ్బు పెట్టినవారికి సరుకు లేదు, కొనేవాడు లేడు, ప్రయోగానికి అనుమతి వస్తుందన్న హామీ కూడా లేదు. ఎదురుగా ఉన్నది ఇద్దరు ఇంజనీర్లు. ఆ డబ్బు పెట్టింది మింత్రాను కట్టిన ముకేశ్ బన్సల్. 2021లో పెట్టినవారిలో గ్రీన్‌కో వ్యవస్థాపకులు అనిల్ చలమలశెట్టి, మహేశ్ కొల్లి ఉన్నారు; వాళ్లూ హైదరాబాద్‌లోనే కంపెనీ కట్టినవాళ్లు. 2022 నవంబర్ 18న శ్రీహరికోట నుంచి స్కైరూట్ రాకెట్ విక్రమ్-ఎస్ 89.5 కిలోమీటర్ల ఎత్తుకు వెళ్లింది. భారతీయ ప్రైవేటు కంపెనీ కట్టిన రాకెట్ ఎగరడం అదే మొదటిసారి.