తేనెమైనం తెలిసిన చేతులు

చలికాలం బహుమతి అనగానే శాలువాలు, స్వెటర్లు, చాక్లెట్ డబ్బాలు కొనేస్తాం. నన్నడిగితే వాటన్నిటికంటే విలువైనది చిన్న రేకు డబ్బాలో పట్టే లిప్ బామ్. అయితే అది అసలైన తేనెమైనంతో, చెయ్యి తిరిగినవాళ్ళు ఇంట్లో కాచినదై ఉండాలి.

మైనం, నూనె, నాలుగు చుక్కల సుగంధ తైలం. ఇందులో పెద్ద విద్యేముంది అనిపిస్తుంది. మా చిన్నక్క కాచేటప్పుడు పక్కన నిలబడి చూస్తే ఆ మాట ఇంకెవరూ అనరు. తూకం లేకుండా ఆమె పని మొదలుపెట్టదు. ఒక పాలు మైనానికి మూడు పాళ్ళ నూనె. 20 గ్రాముల మైనం తీసుకుంటే 40 గ్రాముల కొబ్బరినూనె, 20 గ్రాముల ఆముదం. పెదవికి పట్టుకుని ఉండే గుణం, ఆ నిగనిగ ఆముదానివి. కొబ్బరినూనె 24 డిగ్రీల దగ్గరే కరిగిపోతుంది, మైనం 62 దాటితేగానీ కదలదు. ఈ రెండింటికీ పొత్తు కుదర్చడమే అసలు పనితనం. చికాగోలో ఉన్న మేనకోడలికి పంపే డబ్బాల్లో మైనం కాస్త తగ్గిస్తుంది, బెజవాడ వెళ్ళేవాటిలో కాస్త పెంచుతుంది. ఊరి ఎండను బట్టి పాళ్ళు మార్చే ఈ నేర్పు ఏ ఫ్యాక్టరీకి ఉంది చెప్పండి?

గిన్నెను నేరుగా మంట మీద పెట్టదు. కింద నీళ్ళు కాగుతుంటే వాటి మీద గిన్నె పెట్టి, మైనం నెమ్మదిగా కరిగాక నూనెలు కలుపుతుంది. ఆవకాయ జాడీ దగ్గర ఎంత మడి పాటిస్తామో ఇక్కడా అంతే, తడి చెయ్యి తగలకూడదు. నీటి చుక్క పడిందా, బూజుకు తలుపు తీసినట్టే. తేనె పోస్తే ఇంకా మంచిది కదా అని కొందరు పోస్తారు. తేనె నూనెలో కలవదు, నాలుగు రోజుల్లో అడుగున జిగురుగా చేరుతుంది.

ఆ తర్వాత చెంచా పరీక్ష. ఫ్రీజర్‌లో పెట్టిన స్టీలు చెంచా తీసి దాని మీద ఒక బొట్టు వేస్తుంది. అది పేరుకోగానే గోటితో గీకుతుంది. పొడిలా రాలితే మైనం ఎక్కువైనట్టు, వేలికి జారిపోతే తక్కువైనట్టు. సరిగ్గా కుదిరినప్పుడు గోరు వెంట మెత్తటి చార లేస్తుంది, వేలి వెచ్చదనానికి అది కరిగి మెరుస్తుంది. ఆ చార చూసి ఇంకో అర చెంచా నూనె పోయాలా, చిటికెడు మైనం వేయాలా అన్నది క్షణంలో తేల్చేస్తుంది.

సుగంధ తైలం చివర్లో. గిన్నె దించి, అంచు చుట్టూ మైనం తెల్లబారడం మొదలయ్యాక వేయాలి. కాగుతుండగా వేస్తే పరిమళం ఆవిరైపోతుంది. మొత్తం 80 గ్రాములకు ఎనిమిది చుక్కలు చాలు: నారింజ ఐదు, పుదీనా మూడు. లవంగం, దాల్చినచెక్క తైలాలు పెదవుల మీద మంట పుట్టిస్తాయి. బెర్గమాట్, గానుగపట్టిన నిమ్మ తైలం రాసుకుని ఎండలోకి వెళితే చర్మం కమిలిపోవచ్చు. పెదవులు ఇప్పటికే పగిలి ఉన్నవాళ్ళకు, పసిపిల్లలకు ఏ తైలమూ లేకుండానే ఇవ్వాలి. పుదీనా, మెంథాల్, కర్పూరం పగుళ్ళను ఇంకా రేపుతాయని చర్మవైద్యులు హెచ్చరిస్తారు. పరిమళం దగ్గర చెయ్యి బిగబట్టగలగడమే గొప్ప పనివాళ్ళ లక్షణం.

దీని చరిత్ర చాలా పాతది. రోమన్ల కాలపు వైద్యుడు గేలెన్ తేనెమైనం, ఆలివ్ నూనె, గులాబీ నీళ్ళతో లేపనం చేశాడంటారు. మన ఇళ్ళలో వెన్నపూస, నెయ్యి ఉండనే ఉన్నాయి. పేరుమోసిన బామ్‌లు పుట్టిందీ వంటింట్లోనే. వర్జీనియాలో చార్లెస్ ఫ్లీట్ తయారుచేసిన చాప్‌స్టిక్ హక్కులను 1912లో జాన్ మోర్టన్ ఐదు డాలర్లకు కొంటే, ఆయన భార్య తన వంటింట్లో ఆ గులాబీరంగు మిశ్రమాన్ని కరిగించి ఇత్తడి గొట్టాల్లో పోసి, పేరుకున్నాక కడ్డీలుగా కోసింది. ఆ వ్యాపారాన్ని నిలబెట్టింది ఆమె చేతులే అంటాను నేను.

ఇక అసలు బాధ. మన బజార్లో పసుపు రంగు వేసిన పారాఫిన్‌ను తేనెమైనమని అమ్ముతున్నారు. స్ట్రాబెర్రీ ఎసెన్షియల్ ఆయిల్ అని సీసా మీద అచ్చువేస్తున్నారు. స్ట్రాబెర్రీ నుంచి అలాంటి తైలం తీసే పద్ధతే లేదు, అది కృత్రిమ సెంటు! కిలో గులాబీ తైలానికి టన్నులకొద్దీ రేకులు కావాలి, మరి వంద రూపాయల సీసాలో అదెలా వస్తుంది? ఆ సెంటు పెదవుల మీది నుంచి కడుపులోకి వెళుతుందే! కిలో మైనం పెట్టడానికి తేనెటీగలు ఆరేడు కిలోల తేనె తింటాయని పెంపకందార్లు చెబుతారు. అదే మైనంతో ఆదిలాబాద్ ఓజా కళాకారులు డోక్రా లోహపు బొమ్మలకు ప్రాణం పోస్తున్నారు. అంత విలువైనదాన్ని పక్కకు నెట్టి, పెట్రోలియం జిడ్డుకు 'నేచురల్' అని బిళ్ళ అంటించడం నాకు మోసంగానే కనిపిస్తుంది. చేత్తో చేశామని చెప్పుకునేవాళ్ళు కూడా తయారైన ముద్ద కొని, కరిగించి, రంగు కలిపి పంచిపెడుతున్నారు. దాన్ని పనితనం అనలేను.

ఈ క్రిస్మస్‌కో, సంక్రాంతికో ఎవరికైనా ఇవ్వాలనుకుంటే తేనె పెంచేవాళ్ళ దగ్గర మైనం అడిగి కొనండి. వేళ్ళ మధ్య నలిపితే మెత్తబడాలి, తేనె వాసన రావాలి. పది డబ్బాలు చాలు. ఒక్కోదాని మీద ఏమేం కలిపారో, ఏ రోజు కాచారో మీ చేత్తో రాసి మరీ ఇవ్వండి.