బేతాళుడికి జవాబు చెప్పని పత్రిక

పత్రికల పుట్టుకను గురించి మన సాహిత్య చరిత్రలు వివరంగానే రాస్తాయి. మొదటి సంచిక తేదీ, సంపాదకుని ఆశయాలు, తొలి రచయితల పేర్లు - వీటికి లోటుండదు. ఆగిపోయిన తీరును మాత్రం "తరవాత నిలిచిపోయింది" అన్న ఒక్క మాటతో దాటవేస్తాయి. ఏళ్ళ తరబడి పాఠకునితో మాట్లాడిన పత్రిక చివరికి ఏం చెప్పి వెళ్ళింది, ఏం చెప్పకుండా వెళ్ళింది అన్నది కూడా విమర్శకు విషయమే. ఇందుకు చందమామ తగిన ఉదాహరణ.

నాగిరెడ్డి, చక్రపాణి 1947లో మద్రాసు నుంచి ఈ పత్రికను మొదలుపెట్టారు. తమిళంలో అది అంబులిమామ. 1952 నుంచి 1980లో మరణించే దాకా కొడవటిగంటి కుటుంబరావు దాని వచనాన్ని తీర్చిదిద్దారు. 1998లో ఒకసారి ఆగి, మళ్ళీ వెలువడింది. 2007లో ముంబయికి చెందిన జియోడెసిక్ అనే సాఫ్ట్‌వేర్ సంస్థ చేతికి వచ్చింది. ఆ సంస్థ పలు భాషల పాత సంచికలను ఇంటర్నెట్‌లో పెట్టింది. తరవాత అప్పుల చిక్కుల్లో పడింది. 2013 నాటికి అచ్చు ఆగింది. 2016లో వెబ్‌సైటూ మూతపడింది. వీడ్కోలు సంచిక రాలేదు. ముగింపు ప్రకటన లేదు.

ఈ నష్టం అందరికీ ఒకటి కాదు. ఆంధ్ర, తెలంగాణల్లోని పాఠకునికి అది ముఖ్యంగా బాల్యస్మృతి. విజయనగర, నాయకరాజుల కాలం నుంచి కోయంబత్తూరు, మదురై ప్రాంతాల్లో స్థిరపడిన మన కుటుంబాల సంగతి వేరు. ఇంట్లో తెలుగు మాట్లాడి, బడిలో తమిళం చదివే పిల్లవాడికి అంబులిమామ చదవడం వచ్చు, చందమామ చదవడం రాదు. కాని రెండింటిలోనూ అవే కథలు, అవే బొమ్మలు. విక్రమార్కుడు శవాన్ని భుజాన వేసుకున్న ఆ ప్రసిద్ధ చిత్రం గీసిన శంకర్ కూడా కొంగునాడులో పుట్టినవారే. రెండు ప్రతులను పక్కపక్కన పెట్టుకుంటే తెలిసిన కథే తెలియని లిపిని నేర్పుతుంది. ఇంటర్నెట్‌లో ఉన్న పాత సంచికలు ఆ అవకాశాన్ని ఇంటింటికీ తెచ్చాయి. మూతపడినప్పుడు మనం పోగొట్టుకున్నది ఒక వాచకాన్ని.

ఇక ముగింపు విషయం. సంస్కృత మూలంలో బేతాళ కథలు 25. చివరి ప్రశ్నకు రాజుకు నిజంగానే జవాబు తెలియదు. అతని మౌనమే కథాచక్రానికి ముగింపు. చందమామ ఆ ముగింపును దగ్గరకు రానివ్వలేదు. కొత్త కథలు కల్పించి వందల సార్లు బేతాళుణ్ణి చెట్టెక్కించింది. నెలనెలా కథ ముగిసేది, కథనం మాత్రం కొనసాగేది. వచ్చే నెల మళ్ళీ వస్తాననే హామీ ఆ అల్లికలోనే ఉంది. అందుకే ఆ హామీ తప్పినప్పుడు సంజాయిషీ అవసరమైంది. బేతాళుడి షరతు మనకు తెలిసిందే: జవాబు తెలిసి కూడా చెప్పకపోతే తల పగులుతుంది. రాజుది తెలియని మౌనం. యాజమాన్యానిది తెలిసిన మౌనం.

దివాలా స్థితిలో ఉన్న సంస్థ నుంచి వీడ్కోలు ఆశించడం అత్యాశ కాదా అని అడగవచ్చు. డబ్బు లేని మాట నిజమే. కాని మూడు వాక్యాలకు పెద్ద ఖర్చు అవసరం లేదు: ఎందుకు ఆపుతున్నాం, చందాదారుల బాకీ ఏమవుతుంది, పాత సంచికలు ఎక్కడ దొరుకుతాయి. మన కావ్యసంప్రదాయం ఈ మర్యాదను ఏనాడో నేర్పింది. ఆశ్వాసం ముగిసేచోట కవి కృతిపతిని పేరుపెట్టి పలకరిస్తాడు. ఆపై గద్యలో తన పేరు, కావ్యం పేరు చెబుతాడు. యక్షగానం మంగళం పాడకుండా ముగియదు. ఎదుటివాడు వింటున్నాడన్న స్పృహ అందులో ఉంది. నేటి వ్యాపారానికి కృతిపతి పాఠకుడే. అతనికి ఆ పలకరింపు దక్కలేదు.

యజమాని కాపాడనిది పాఠకుడు కాపాడాడు. అభిమానులు దాచుకున్న పాత సంచికలను స్కాన్ చేసి పదిమందికీ అందించారు. ఇది మనకు కొత్త కాదు. త్యాగరాజు శిష్యుడు వాలాజాపేట వేంకటరమణ భాగవతార్ సౌరాష్ట్రుడు. ఆయన పరంపరలోని వ్రాతప్రతులు మదురై సౌరాష్ట్ర సభకు చేరబట్టే ఎన్నో తెలుగు కీర్తనల పాఠాలు నిలిచాయి. తెలుగు మాతృభాష కాని వారు తెలుగుకు చేసిన మేలు అది.

కనుక విద్యార్థులు సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు అటకమీది పాత కట్టలను ఒకసారి విప్పి చూడాలి. చందమామైనా, అంబులిమామైనా ముందు తేదీ, సంచిక సంఖ్య రాసిపెట్టుకోవాలి. పత్రిక చెప్పకుండా వెళ్ళిపోయింది. దాని ఆశ్వాసాంత గద్య ఇక మనమే రాయాలి.